ఆడని మ్యాచుల లెక్క

రగ్బీలో జానీ సెక్స్‌టన్ ఐర్లండ్ తరఫున 118 టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచులు, ఆడి 1,108 పాయింట్లు చేశాడు. ఆ జట్టు చరిత్రలో అంతకు మించి పాయింట్లు చేసినవాడు లేడు. డబ్లిన్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్న నాకు ఈ అంకెలు కంఠతా వచ్చేశాయి. ఆఫీసులో, రైల్లో, పిల్లల్ని ఆటకు తీసుకెళ్ళే ఆదివారం ఉదయాల్లో మైదానం గట్టున నిలబడి టీ తాగేటప్పుడు, అతని ప్రస్తావన ఎక్కడ వచ్చినా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతుంది: మొండివాడు కాబట్టే ముప్పై ఎనిమిదేళ్ళ దాకా ఆడగలిగాడని. అతని మొండితనాన్ని నేను కాదనను. అయితే ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయిందనుకోవడం పొరపాటు. అతని వృత్తిజీవితం అంత దూరం సాగడానికి ఆడిన మ్యాచులు ఎంత కారణమో ఆడని మ్యాచులూ అంతే కారణమనీ, ఆ ఆడకపోవడాన్ని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నది అంతకన్నా పెద్ద కారణమనీ నా వాదన.

రగ్బీ అలవాటు లేని పాఠకులకు ముందు ఒక విషయం చెప్పాలి. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌లో పదో నంబరు చొక్కా వేసుకునేవాణ్ణి ఇంగ్లండ్‌లో ఫ్లై-హాఫ్ అంటారు, ఇక్కడ ఐర్లండ్‌లో అవుట్‌హాఫ్ అంటారు. జట్టు ఎత్తుగడలన్నీ దాదాపు అతని చేతుల మీదుగానే నడుస్తాయి. బంతిని పరుగెత్తేవాడికి అందించాలా, ఎదుటివాళ్ళ వెనక్కి పడేలా కాలితో తన్నాలా, తనే దూసుకుపోవాలా అన్నది అతను అర సెకనులో తేల్చుకోవాలి, ఆ అర సెకనులోనే నూరు కిలోలు దాటిన ఎదుటి జట్టు ఫార్వర్డు (బలంతో తోసుకొచ్చే ముందు వరసల ఆటగాడు) అతని పక్కటెముకలను గురిచూసుకుని వచ్చేస్తుంటాడు. చివరి క్షణం దాకా బంతిని వదలకుండా ఎదుటివాణ్ణి తన మీదికి రప్పించుకుని, అప్పుడు పక్కవాడికి అందించడం సెక్స్‌టన్ ఆటకు ప్రాణం. అలా అందించినవాడు దెబ్బ తప్పించుకోలేడు. బంతి అందుకున్నవాడు సందు దొరికి పరుగెడుతుంటే కెమెరా అతని వెంటే పోతుంది, వెనక నేల మీద పడి ఉన్న పదో నంబరు చొక్కాను ఎవరూ చూడరు. పదిహేనేళ్ళు అలా ఆడిన మనిషి శరీరం గురించి మాట్లాడుకుంటున్నామని గుర్తుంచుకోవాలి.

1985లో డబ్లిన్‌లో పుట్టి, రాత్‌మైన్స్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీలో ఆట నేర్చుకున్న సెక్స్‌టన్‌కు తొలి అవకాశం త్వరగా రాలేదు. ఐర్లండ్‌లోని నాలుగు ప్రొవిన్సు (ప్రాంతీయ) జట్లలో అతనిదైన లెన్‌స్టర్‌లో పదో నంబరు చొక్కా అర్జెంటీనావాడు ఫెలిపే కాంటెపోమిది. 2009 మే 2న ఐరోపా క్లబ్బుల పోటీ అయిన హైనెకెన్ కప్ సెమీఫైనల్లో మరో ప్రొవిన్సు మన్‌స్టర్ మీద ఆడుతుండగా కాంటెపోమి మోకాలు దెబ్బతింది. డబ్లిన్‌లో రగ్బీ ఆడే లాన్స్‌డౌన్ రోడ్డు మైదానాన్ని పడగొట్టి కొత్తగా కడుతున్న రోజులవి కాబట్టి ఆ మ్యాచు ఐర్లండ్ సొంత ఆటలైన గేలిక్ ఆటల కోట అయిన క్రోక్ పార్కులో జరిగింది, 82,208 మంది చూశారు. అప్పటికి క్లబ్బు స్థాయి రగ్బీలో అదే ప్రపంచ రికార్డు. బెంచి మీద నుంచి లేచి వచ్చిన ఇరవై మూడేళ్ళ కుర్రవాడు వస్తూనే పెనాల్టీని గోల్‌పోస్టుల మధ్యకు తన్నాడు, లెన్‌స్టర్ 25-6తో గెలిచింది. లెన్‌స్టర్ ఆటగాడు గోర్డన్ డార్సీ ట్రై చేసినప్పుడు (ఎదుటివాళ్ళ గీత అవతల బంతిని నేలకు ఆనించడం ట్రై), నేల మీద ఉన్న మన్‌స్టర్ అవుట్‌హాఫ్ రోనన్ ఓగారా మొహం మీదికి వంగి సెక్స్‌టన్ అరుస్తున్న ఫోటో ఈ దేశంలో రగ్బీ చూసే ప్రతివాడికీ గుర్తుంటుంది. ఆ నెలలోనే ఎడిన్‌బరాలో లెస్టర్‌ను 19-16తో ఓడించి లెన్‌స్టర్ తొలిసారి ఐరోపా కప్పు ఎత్తింది. నవంబరులో ఫిజీ మీద ఐర్లండ్‌కు తొలి టెస్టు ఆడి, వారం తిరిగేసరికి దక్షిణాఫ్రికా మీద 15-10 విజయంలో ఆ పదిహేను పాయింట్లూ అతనే చేశాడు.

అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఈ కాలపు అవుట్‌హాఫ్‌కు అది ఆలస్యమే. ఆ బెంచి మీది ఏళ్ళు అతనికి ఎంత కటువుగా గడిచాయో ఊహించగలను, వాటిని ఎవరో ముందుచూపుతో చేసిన మేలుగా రంగు వేసే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆ ఏళ్ళలో పడని దెబ్బలు పడనివే.

అసలు కథ ఒప్పందాల్లో ఉంది. 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్‌లో జీతాలు చట్టబద్ధమైనప్పుడు ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో ధనికులు క్లబ్బుల్లో డబ్బు పెట్టి ఆటగాళ్ళను తమ ఉద్యోగులుగా చేసుకున్నారు. ఐర్లండ్ వేరే దారి పట్టింది. లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కనాక్ట్ అనే నాలుగు చారిత్రక ప్రొవిన్సులనే వృత్తి జట్లుగా మార్చి, వాటిని ఐరిష్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ తన చేతిలోనే ఉంచుకుంది. ఉత్తరం, దక్షిణం రెండింటికీ కలిపి ఒకే జాతీయ జట్టును నడిపేదీ ఆ యూనియనే. ముఖ్యమైన ఆటగాళ్ళకు కేంద్ర ఒప్పందమిచ్చి జీతం చెల్లిస్తూ వచ్చినదీ ఆ యూనియనే. అంటే నవంబరులో మూడు అంతర్జాతీయ మ్యాచులు ఆడిన మనిషి డిసెంబరులో ప్రొవిన్సుకు ఎన్ని ఆడాలి, ఏ వారం ఇంట్లో ఉండాలి అన్నది చివరికి ఒకే యజమాని ఆలోచించే విషయం. ఆటగాళ్ళు దేశం దాటిపోకుండా ప్రభుత్వం కూడా ఒక చెయ్యి వేసింది: రిటైరయ్యాక ఆటగాడు తన సంపాదన బాగున్న పదేళ్ళను ఎంచుకుని, ఆ ఏళ్ళలో ఆటవల్ల వచ్చిన ఆదాయంలో 40 శాతానికి పన్ను మినహాయింపు కోరి, కట్టిన పన్నులో కొంత వెనక్కి తీసుకోవచ్చు. ఇంటి ఋణాలతో సతమతమయ్యే మా ఆఫీసువాళ్ళు ఈ నిబంధన పేరెత్తితే పళ్ళు నూరుకుంటారు.

ఈ ఏర్పాటు విలువ సెక్స్‌టన్ దాన్ని వదిలి వెళ్ళినప్పుడే నాకు అర్థమైంది. యూనియన్‌తో బేరం కుదరక 2013లో అతను పారిస్ క్లబ్బు రేసింగ్ మెట్రోకు వెళ్ళాడు. ఆ వేసవిలోనే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు అయిన బ్రిటిష్, ఐరిష్ లయన్స్‌తో ఆస్ట్రేలియా వెళ్ళి మూడు టెస్టులూ మొదటి నిమిషం నుంచి ఆడి, సిరీస్ గెలిచిన మూడో టెస్టులో ట్రై కూడా చేసి వచ్చాడు. ఫ్రెంచి లీగులో పద్నాలుగు జట్లు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడతాయి కాబట్టి నాకౌట్‌లకు ముందే 26 మ్యాచులు, వాటిపైన ఐరోపా పోటీలు, వాటిపైన ఐర్లండ్ పిలుపులు. క్లబ్బును తప్పుపట్టలేను. లక్షల యూరోలు పోసి కొన్న మనిషి ఆడాలని కోరుకోవడం యజమానికి సహజం, ఐర్లండ్ జట్టు బాగోగులు అతనికి పట్టవలసిన పని లేదు. ఒకే దేహానికి ఇద్దరు యజమానులుండి, ఒకరి లాభం రెండోవారి నష్టమైనప్పుడు ఆ లెక్క సరిచేయవలసినవాడు ఆటగాడొక్కడే అవుతాడు. అతనేమో ఆడతానని తప్ప మరో మాట చెప్పలేని స్వభావం గలవాడు. (ఆటనుంచి రిటైరైన ఓగారా అప్పుడే రేసింగ్‌లో శిక్షకుడిగా చేరాడు, క్రోక్ పార్కు ఫోటోలోని ఇద్దరూ పారిస్‌లో స్నేహితులయ్యారు. నా వాదనకు సంబంధం లేకపోయినా ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను.)

2014 నవంబరులో డబ్లిన్‌లో ఆస్ట్రేలియాతో ఆడినప్పుడు సెక్స్‌టన్ తలకు దెబ్బ తగిలింది. ఏడాది కాలంలో అది నాలుగో కంకషన్, అంటే మెదడు అదిరిపోయేంత దెబ్బ. ఫ్రెంచి వైద్యుడు పన్నెండు వారాలు ఆట మానమన్నాడు. ఫిబ్రవరిలో రోమ్‌లో ఇటలీతో జరిగిన సిక్స్ నేషన్స్ (ఐరోపాలోని ఆరు దేశాల వార్షిక పోటీ) తొలి మ్యాచుకు అతను లేడు, ఇయాన్ కీట్లీ ఆడాడు. వారం తర్వాత ఫ్రాన్స్ మీద తిరిగి వచ్చి, కొండలాంటి మాత్యూ బాస్తరోతో తల తగిలి రక్తం కారుతుండగా కట్టు కట్టించుకుని అయిదు పెనాల్టీలు తన్నాడు, ఐర్లండ్ 18-11తో గెలిచింది. మర్నాడు పత్రికలన్నీ ఆ రక్తం ఫోటో వేశాయి. ఆ పన్నెండు వారాల ఫోటో ఎవరు వేయగలరు? ఆ మూడు నెలల విశ్రాంతి లేకపోతే ఆ తర్వాతి ఎనిమిదేళ్ళు ఉండేవని నేను నమ్మను. అది చెప్పినది అతని క్లబ్బూ కాదు, అతని పట్టుదలా కాదు. ఒక వైద్యుడు చెబితే అందరూ తలవంచిన నిర్ణయమది.

2015లో అతను లెన్‌స్టర్‌కు, కేంద్ర ఒప్పందానికి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత మూడేళ్ళకు వచ్చిన మ్యాచు గురించి కొంచెం నిలిచి మాట్లాడాలి, ఎందుకంటే మొండితనం వాదనకు ప్రతివారూ చూపే సాక్ష్యం అదే.

2018 ఫిబ్రవరి 3, పారిస్, సిక్స్ నేషన్స్, తడిసిన మైదానం. డెబ్భై రెండో నిమిషంలో తెద్దీ తోమా ట్రైతో ఫ్రాన్స్ 13-12 ఆధిక్యంలోకి వెళ్ళింది. సమయం అయిపోవస్తుండగా ఐర్లండ్ చేతికి బంతి వచ్చింది గాని, అది తమ సగంలో, గోల్‌పోస్టులకు చాలా దూరంలో ఉంది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు పడగొట్టడం, పడినవాడు బంతిని వెనక్కి తనవాళ్ళకు వదలడం, మరొకడు తీసుకుని మళ్ళీ ఆ మనుషుల గోడలోకి దూరడం, ఇంతా కలిపి ఒక ఫేజ్. ఆ సాయంత్రం ఐర్లండ్ 41 ఫేజులు ఆడింది. గడియారం ఎనభై దాటింది కాబట్టి ఒక్క బంతి జారినా, ఒక్క తప్పు చేసినా మ్యాచు అక్కడికక్కడే ముగిసిపోతుంది. మధ్యలో ఒకసారి సెక్స్‌టన్ మైదానం అడ్డంగా అవతలి అంచున ఉన్న కీత్ ఎర్ల్స్‌కు బంతిని గాల్లోకి తన్నాడు. ఇప్పుడు చూసినా ఆ తన్ను దగ్గర నాకు ఊపిరి ఆడదు. అది పట్టు తప్పితే ఈ కథే లేదు. ఎర్ల్స్ పట్టుకున్నాడు. చివరికి ఎనభై మూడో నిమిషంలో, నలభై మీటర్లకు పైగా దూరం నుంచి, బంతిని నేల మీదికి వదిలి అది పైకి లేస్తుండగా తన్నే డ్రాప్ గోల్‌తో సెక్స్‌టన్ మ్యాచును 15-13 చేశాడు.

ఆ తన్ను వెనక గుండెధైర్యం ఉంది, ఒప్పుకుంటాను. కాని ధైర్యం తొడ కండరానికి బలాన్ని ఇవ్వదు. ఎనభై నిమిషాలు దెబ్బలు తిన్న తర్వాత తడి బంతిని అంత దూరం పంపగలిగిన ముప్పై రెండేళ్ళ కాలు, అంతకుముందు 41 సార్లు గోడలోకి దూరిన ఫార్వర్డుల ఊపిరితిత్తులు, శీతాకాలం పొడుగునా లీగులోని చిన్న మ్యాచులనుంచి తప్పించి దాచిపెట్టినవి. అదే మార్చిలో ట్వికెనమ్‌లో ఇంగ్లండ్‌ను 24-15తో ఓడించి ఐర్లండ్ గ్రాండ్‌స్లామ్, అంటే ఆ పోటీలోని అయిదు మ్యాచులూ గెలవడం, పూర్తిచేసింది. మే నెలలో బిల్బావోలో లెన్‌స్టర్ 15-12తో ఐరోపా ఛాంపియన్ అయింది, ఓడినది అతని పాత క్లబ్బు రేసింగే. నవంబరులో డబ్లిన్‌లో న్యూజిలాండ్ 16-9తో ఓడింది. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికి దక్కింది, 2001లో కీత్ వుడ్ తర్వాత దాన్ని అందుకున్న ఐరిష్ ఆటగాడు అతనే.

2021లో లయన్స్ కోచ్ వారెన్ గాట్లాండ్ అతన్ని దక్షిణాఫ్రికా పర్యటనకు తీసుకోలేదు. వరుస మ్యాచుల తాకిడికి ఆ శరీరం నిలబడుతుందన్న నమ్మకం లేదని కారణం చెప్పాడు. ఆ అనుమానం అన్యాయమైనదేమీ కాదు. అప్పటికి సెక్స్‌టన్‌కు ముప్పై ఆరేళ్ళు నిండబోతున్నాయి. కాని మరుసటి ఏడాది న్యూజిలాండ్ గడ్డ మీద మూడు టెస్టులూ మొదటినుంచీ ఆడి, ఐర్లండ్‌కు అక్కడ తొలి సిరీస్ విజయాన్ని సాధించిపెట్టిన కెప్టెన్ అతనే. 2023 జనవరి 1న కనాక్ట్ మీద ఆడుతూ చెంప ఎముక విరగ్గొట్టుకుని, శస్త్రచికిత్స చేయించుకుని, నెల తర్వాత వేల్స్ మీద బరిలోకి దిగాడు. మార్చి 18న డబ్లిన్‌లో ఇంగ్లండ్‌ను 29-16తో ఓడించి రెండో గ్రాండ్‌స్లామ్ అందుకున్న రోజున గజ్జల్లో గాయమై కుంటుతూ బయటికి వచ్చాడు.

ఇక్కడినుంచి నా వాదనకు నేను కల్పించినా ఇంత బాగా కుదరని ఉదాహరణ మొదలవుతుంది. ఆ గాయంవల్ల ఐరోపా ఫైనల్ ఆడలేకపోయాడు. లా రోషెల్ చేతిలో లెన్‌స్టర్ 26-27తో ఓడిన ఆ సాయంత్రం, ఆటగాడు కూడా కాని సెక్స్‌టన్ మైదానంలోకి దిగి రిఫరీలతో వాదం పెట్టుకుని మూడు మ్యాచుల నిషేధం తెచ్చుకున్నాడు. (గెలిచిన జట్టు కోచ్ ఎవరో చెప్పాలా? ఓగారా.) ప్రపంచకప్పుకు ముందు జరిగే సన్నాహక మ్యాచులన్నీ ఆ నిషేధానికే సరిపోయాయి. ఇది సిగ్గుపడవలసిన ప్రవర్తనే, దాన్ని నేను వెనకేసుకు రాను. కాని ఫలితం చూడండి. దాదాపు ఆరు నెలలు ఒక్క మ్యాచు కూడా ఆడని ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి సెప్టెంబరు 9న బోర్డోలో రొమేనియా మీద దిగి రెండు ట్రైలతో సహా 24 పాయింట్లు చేశాడు. వారం తర్వాత టోంగా మీద ఓగారా పేరిట ఉన్న 1,083 పాయింట్ల జాతీయ రికార్డును దాటాడు. ఆ పై వారం దక్షిణాఫ్రికా 13-8తో ఓడింది. మ్యాచ్ ప్రాక్టీసు లేకపోతే ఆట తుప్పు పడుతుందని చెప్పేవారికి ఆ సెప్టెంబరు ఎలా అర్థమవుతుందో నాకు తెలియదు.

అక్టోబరు 14న క్వార్టర్‌ఫైనల్లో ఐర్లండ్ 24-28తో న్యూజిలాండ్ చేతిలో ఓడింది. చివర 37 ఫేజులు ఆడారు, పారిస్‌లోనే, ఈసారి బంతి పోయింది. మా ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు. అతని ఆట అక్కడితో ముగిసింది.

నా వాదనకు ఎదురయ్యే ప్రశ్నల్లో గట్టిది డాన్ లీవీ. అదే లెన్‌స్టర్, అదే యూనియన్, అదే జాగ్రత్త, 2018 గ్రాండ్‌స్లామ్ జట్టులో సెక్స్‌టన్ పక్కన ఆడిన ఫ్లాంకర్ (ఫార్వర్డుల్లో ఒకడు). 2019 మార్చిలో అల్‌స్టర్ మీద ఆడిన ఒకే ఒక్క మ్యాచులో అతని మోకాలు ఛిద్రమైంది. ఎంతో కష్టపడి తిరిగి వచ్చినా 2022లో, ఇరవై ఏడేళ్ళకే ఆట మానుకోవలసి వచ్చింది. విశ్రాంతి మోకాలికి కవచం కాదు. సెక్స్‌టన్ కథలో అదృష్టం పాలు పెద్దదేనని ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు. నేననేది ఇంతే: అదృష్టం ఎవరి చేతిలోనూ లేదు, విశ్రాంతి యజమాని చేతిలో ఉంది.

రెండో ప్రశ్న వారసులది. ముప్పై ఎనిమిదేళ్ళ దాకా ఒకడే ఆడితే పక్కవాడు ఎప్పుడు నేర్చుకుంటాడు? ఆట సమయం కోసం జోయీ కార్బెరీ 2018లో లెన్‌స్టర్ వదిలి మన్‌స్టర్‌కు వెళ్ళవలసి వచ్చింది. పెద్ద మ్యాచుల్లో బెంచి మీది అవుట్‌హాఫ్‌లు చాలాకాలం చివరి పది నిమిషాలకే పరిమితమయ్యారు. ఇక్కడ యూనియన్ తన పద్ధతిని సగమే పాటించిందని నా అభిప్రాయం. చిన్న మ్యాచులకు అతన్ని పక్కన పెట్టే తెలివి ఉన్నవాళ్ళకు, పెద్ద మ్యాచుల్లో కొన్నిటికీ పక్కన పెట్టే గుండె లేకపోయింది. 2024లో జాక్ క్రౌలీ పదో నంబరు వేసుకుని సిక్స్ నేషన్స్ గెలిపించాడు కాబట్టి ఆ తప్పు ఖరీదు పెద్దగా కనబడలేదు.

మూడోది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ప్రశ్న. 2022 జూలైలో ఆక్లాండ్‌లో జరిగిన మొదటి టెస్టులో తల పరీక్ష కోసం అతన్ని బయటికి పంపారు, మళ్ళీ రానివ్వలేదు. తర్వాతి పరీక్షల్లో కంకషన్ లేదని తేలిందన్నారు, వారానికే రెండో టెస్టు ఆడించారు. నిబంధన ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది. 2014లో పన్నెండు వారాలు ఆపిన తలను 2022లో వారానికే పంపినప్పుడు ఆ ఒకే యజమానికి సిరీస్ గెలవాలన్న ఆశ ఎంత బలంగా పనిచేసిందో అని అనుమానం వస్తుంది. ఆటగాడి మేలు కోరే యజమాని, కప్పు కోరే యజమాని ఒకరే కావడంలోని చిక్కు ఇదే. నేను పొగిడిన ఏర్పాటులోనే ఈ గుంట ఉంది, దాన్ని పూడ్చే మార్గం నా దగ్గర లేదు.

2025 వేసవిలో ఇంగ్లండ్‌లో మన సిరాజ్ అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీసినప్పుడు, ముందే చెప్పినట్టు మూడు మాత్రమే ఆడిన బుమ్రాను వెక్కిరిస్తూ హైదరాబాదునుంచి స్నేహితులు పంపిన సందేశాలు నా ఫోనులో ఇంకా ఉన్నాయి. హైదరాబాదీ గెలుపుకు నేనూ ఎగిరి గంతేశాను. కాని ఒకరిని మెచ్చుకోవడానికి రెండోవాడి విశ్రాంతిని దొంగతనంలా చూడటం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది సెక్స్‌టన్ రోమ్‌లో ఆడని ఆ మ్యాచే.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు, ఇక్కడి క్లబ్బులో ఆడతాడు. మొన్న శీతాకాలంలో ఒక ఆదివారం టాకిల్ చేయబోయి, అంటే బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టబోయి, ఎదుటి పిల్లవాడి మోకాలికి తల తగిలి పడిపోయాడు. రెండు నిమిషాల్లో లేచి, బాగానే ఉన్నాను, ఆడతానన్నాడు. కోచ్ వాడి మాట వినిపించుకోకుండా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, ఇరవై మూడు రోజులు అని నాతో చెప్పాడు. పిల్లల విషయంలో యూనియన్ పెట్టిన కనీస గడువు అది, పరీక్షలు పాసైనా, ఫైనల్ ఉన్నా, తండ్రి బతిమాలినా తగ్గదు. వంటగది క్యాలెండరు మీద వాడే ఎర్ర పెన్నుతో గీతలు గీసుకున్నాడు. రెండో ఆదివారం నేను కారు ఆపి వెళ్ళేసరికి గట్టు మీద నీళ్ళ సీసాల బుట్ట పట్టుకుని, తన జట్టు ఓడిపోతుంటే పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉన్నాడు. నేనేమీ అడగకుండానే, ఇంకా తొమ్మిది రోజులు నాన్నా, అన్నాడు.